గ్లాసు చేతిలో ఉన్నంతసేపు

"వీడు ఈ ఎండాకాలం ఎక్కడో ఒకచోట నుంచి పడతాడే. నా మనసుకి తెలిసిపోతోంది," అన్నాను కోడలితో.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మావాడు పనికి వెళ్ళి గంట కూడా కాలేదు. కోడలు దండెం మీది బట్టలు లాగి మడతలు పెడుతోంది. నా మాట వినగానే చేతిలోని దుప్పటి అలాగే పట్టుకుని నావైపు తిరిగింది.

"పొద్దున్నే నోరు తెరిస్తే ఒక్క మంచిమాట రాదా అత్తయ్యా మీకు? నిన్న గ్యాసు పేలుతుందన్నారు. మొన్న పైకప్పు ఊడి మీద పడుతుందన్నారు."

"పేలిందా? ఊడిందా? నేను పైకి అనేశాను కాబట్టే ఆగాయి."

నాకు అదొక నమ్మకం. బయటికి అనేసిన కీడు సిగ్గుపడి వెనక్కి పోతుందనీ, లోపల దాచుకున్నదే నిజమై కూర్చుంటుందనీ. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ పద్ధతిలోనే నేను ఒక కొడుకుని పెంచి పెళ్ళిచేశాను. కానీ ఆ ఏడు మాత్రం ఎన్నిసార్లు పైకి అన్నా నా గుండె కుదుటపడలేదు.

మావాడి పని పెద్దపెద్ద భవనాల బయటి గోడలకు రంగులు వేయడం. వానలు పడితే ఆ పని ఉండదు. అందుకని ఎండలు ముదిరిన రోజుల్లోనే వాళ్ళకి ఊపిరి సలపదు. అంతకుముందు చలికాలంలోనే వాడికి కాళ్ళ బాధ మొదలైంది. పడుకోగానే అరికాళ్ళు మంటలనేవాడు. తడిగుడ్డ చుడితే చల్లగా ఉందనేవాడు కాదు, వేడిగా ఉందనేవాడు కాదు, "ఏదో చుట్టావని తెలుస్తోందమ్మా, అంతే," అనేవాడు. నాకు ఆ మాట అర్థమయ్యేది కాదు. తడిగుడ్డ చుడితే చల్లగా ఉన్నట్టు తెలియకపోవడమేమిటి?

వాడు వద్దంటున్నా ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. సన్నటి తీగలాంటిది తీసి పాదాల మీద అక్కడక్కడ ఆనిస్తూ, "తగిలినప్పుడు చెప్పు," అంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. బొటనవేలి మీద ఆనించింది. వీడు పలకలేదు. మడమ మీద ఆనించింది. పలకలేదు. తర్వాత ఆవిడ తీగ పైకెత్తి ఊరికే నిలబడితే, "ఆ, తగిలింది," అన్నాడు. చిన్నప్పుడు లెక్క రాకపోతే మొహం చూసి ఏదో ఒక అంకె చెప్పేవాడు. అచ్చం అలాగే. నేను నవ్వబోయి, డాక్టరమ్మ నవ్వకపోవడం చూసి ఆగిపోయాను.

న్యూరోపతి అంది. కాళ్ళకీ చేతులకీ వెళ్ళే నరాలు చివర్ల నుంచి పాడవుతూ వస్తాయట. రక్తంలో చక్కెర కొంచెం ఎక్కువగా ఉంది, దానివల్ల కావచ్చు అంది. తాగుడు వల్ల కావచ్చు అంది. రెండూ కలిసి కావచ్చు అంది. "అయితే దేనివల్లమ్మా?" అని నేను గట్టిగా అడిగితే, "అంత ఖచ్చితంగా చెప్పలేమండీ," అంది. అంత చదువుకున్నావిడే చెప్పలేకపోతే నేనేం తెలుసుకోను?

"మందు మాత్రం పూర్తిగా మానెయ్యాలి," అంది వాడితో.

"నేను రోజూ తాగేవాణ్ణి కాదండీ. వారానికోసారి, పనివాళ్ళందరం కూర్చున్నప్పుడు, ఒక్క గ్లాసు..."

"నలుగురిలో తాగావా, ఒంటరిగా తాగావా అని నీ నరాలు అడగవు బాబూ."

వాడు తలూపాడు. ఇంటికొచ్చాక కూడా నా చెయ్యి పట్టుకుని, "మానేస్తానమ్మా," అన్నాడు. నమ్మాను. నమ్మిన రెండో శనివారం సాయంత్రం, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వచ్చాడు. నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"ఊదు."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"ఊదమన్నానా?"

ఊదాడు. ఒంటి నిండా రంగుల వాసన, టర్పెంటైన్ వాసన, చెమట వాసన. వాటి వెనక ఇంకో వాసన ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. మళ్ళీ ఊదమన్నాను.

"ఏమంటోంది మీ అబ్బాయి నోరు?" అని లోపల్నుంచి కోడలు కేకేసింది. "టర్పెంటైనా, రెండోదా?"

"రెండూ," అన్నాడు వాడే. అని నవ్వాడు. కోడలు ఇస్త్రీ పెట్టె ఠప్పుమని కింద పెట్టిన చప్పుడైంది. ఆ పిల్ల పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి మళ్ళీ ఇరుగుపొరుగు బట్టలు చేస్తుంది. ఆ పెట్టె శబ్దాన్నిబట్టి దాని కోపమెంతో మాకు తెలుస్తుంది.

"ఒక్క గ్లాసేనమ్మా. ఇవాళ గోడ పూర్తయింది."

గోడ పూర్తయితే వాళ్ళకొక పద్ధతి. మేస్త్రీతో సహా అందరూ ఆ భవనం మిద్దె మీద కూర్చుని తాగుతారు. ఎవడి గ్లాసులో వాడు పోసుకోకూడదు. నీ నిచ్చెన కింద ఎవడు పట్టుకుంటాడో వాడే నీకు పోయాలి, నువ్వు వాడికి పోయాలి. మావాడి నిచ్చెన పట్టుకునేవాణ్ణి పొట్టోడంటారు. మంచివాడే. కాకపోతే పోసేటప్పుడు చెయ్యి ఆగదు.

"వద్దంటే ఏం పోయింది?" అన్నాను.

"వాడు పోస్తే వద్దని, మళ్ళీ తెల్లారి నిచ్చెన పట్టుకోరా అని ఎట్లా అడగనమ్మా?"

"డాక్టరమ్మ వద్దందని చెప్పు. కాళ్ళ సంగతి చెప్పు. తప్పేముంది?"

"చెప్తే?" అన్నాడు.

ఆ "చెప్తే" తర్వాత ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, గోడ ఆనుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నా పని వాణ్ణి చూడ్డమే అయిపోయింది. శనివారం తూలుతూ వచ్చేవాడు, సరే, తాగాడు కాబట్టి తూలాడు అనుకునేదాన్ని. మంగళవారమూ తూలేవాడు. మంగళవారం ఊదమంటే వాసన ఉండేది కాదు. దానికేమనుకోవాలి? కాళ్ళు అనుకుందామంటే, ఒక్కోరోజు చక్కగా నడిచి వచ్చేవాడు. తాగుడు అనుకుందామంటే వాసన లేదు. వాసన రాకుండా తాగేవి ఏమన్నా వచ్చాయేమోనని కింది వాటాలో ఆవిణ్ణి కూడా అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు వాడి సంచీ వెతికాను. కుంచెలు, పుట్టీ గీకే రేకులు, నలిగిన టోపీ.

ఒకరోజు సాయంత్రం వంటింట్లోంచి వస్తూ చూస్తే గుమ్మం నుంచి మంచం దాకా నేల మీద ఎర్రటి మరకలు. ఇనుప కమ్మీలకి ముందుగా వేసే ఎర్రరంగు ఒకటుంటుంది. అది తొక్కుకుంటూ వచ్చాడనుకున్నాను. ఆ రంగు ఊరికే పోదు, కిరసనాయిలు కావాలి. తిట్టుకుంటూ కిరసనాయిలు గుడ్డ కోసం వెతుకుతూ, చేతిలో ఉన్న తడిగుడ్డతో ఒకచోట రుద్దాను.

తేలిగ్గా పోయింది.

"ఒరేయ్, కాలు చూపించు."

మంచం మీద కూర్చుని పేపరు చూస్తున్నవాడు కాలు పైకెత్తాడు. మడమలో మేకు దిగి ఉంది. తలకాయ దాకా దిగింది. అణా బిళ్ళలా మెరుస్తోంది. కోడలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుడు దిగిందిరా ఇది?"

వాడు మెడ వంచి చూశాడు. దారిన పోయేవాడి కాలు చూసినట్టు చూశాడు. "ఏమో," అన్నాడు. తర్వాత కోడలి మొహం చూసి, గబగబా, "మధ్యాహ్నం కొంచెం ఎక్కువైందిలే. అందుకే తెలీలేదు," అన్నాడు.

"మధ్యాహ్నం కూడానా!" అని కోడలు పట్టకారు నా చేతిలో పడేసి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. మేకు లాగింది నేనే. వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని లాగుతుంటే వాడి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. అమ్మా అనలేదు. ఊపిరి మామూలుగా వదులుతున్నాడు. ఆ ఊపిరిలో తాగిన వాసన లేదు. ఈసారి నేను తడబడలేదు. అసలు లేదు.

తాగినవాళ్ళు తాగలేదని ఒట్లు పెట్టుకోవడం నేను నా పుట్టింట్లోనూ చూశాను, మెట్టినింట్లోనూ చూశాను. తాగకుండా తాగానని చెప్పేవాణ్ణి ఎక్కడా చూడలేదు. వీడికి కాళ్ళతోపాటు మతి కూడా పోతోందా అని కొత్త భయం పట్టుకుంది. గాయం కడిగించి సూది వేయించుకొచ్చాం. మర్నాడు కట్టు మీద రెండు మేజోళ్ళు తొడిగి పనికి వెళ్ళిపోయాడు. ఉండమంటే ఉండలేదు.

వాడు వెళ్ళాక నాకు కాలు నిలవలేదు. ఏది ఎట్లా ఉన్నా ఆ గ్లాసొకటి ఆపించాలి, అది నా చేతిలో పని అనుకున్నాను. చీర మార్చుకుని వాళ్ళు పనిచేసే చోటికి వెళ్ళాను.

ఎత్తైన భవనం. గోడ వెంబడి ఇనుప గొట్టాలతో పరంజా కట్టి, అంతస్తు అంతస్తుకీ నడవడానికి చెక్కబల్లలు పరిచి ఉన్నాయి. చూస్తేనే నాకు కళ్ళు తిరిగాయి. మావాడు వెనకవైపు గోడ మీద ఉన్నాడన్నారు, బతికాను అనుకున్నాను. మేస్త్రీ కింద డ్రమ్ములో రంగు కలుపుతున్నాడు. గుబురు మీసాలు, రంగుచుక్కల బనియను. నన్ను చూసి కర్ర డ్రమ్ములోనే వదిలేసి, ఒక బకెట్టు బోర్లించి కూర్చోమన్నాడు.

"ఏంటి పెద్దమ్మా, ఎండలో?"

"నీకు దణ్ణం పెడతాను బాబూ. మావాడికి తాగడానికి పోయకండి."

మేస్త్రీ నవ్వాడు. "వాడికి పోసేదెంతని? మిగతావాళ్ళు మూడోది తాగుతుంటే వాడు మొదటిది పట్టుకుని కూర్చుంటాడు. కానీ చెప్పొద్దూ, ఆ ఒక్కదానికే ఎక్కుతుంది మీవాడికి. మెట్లు దిగాలంటే పొట్టోడి భుజం కావాలి. అందరం పడీపడీ నవ్వుతాం."

"నవ్వుతారా?"

"వాడూ నవ్వుతాడు. మొన్న పొద్దున నిచ్చెన మెట్టు తప్పాడు. నేను తిట్టాను, నిన్నటిది ఇంకా దిగలేదేంట్రా అని. లేదు మేస్త్రీ దిగలేదు, అన్నాడు. ఆ రోజంతా లోపలి గదుల్లో వేశాను. తెల్లారేసరికి మామూలే. తాగి తూలేవాడితో నాకు ఇబ్బంది లేదమ్మా. ఒక పూట దింపేస్తే బాగైపోతాడు. రోగంతో తూలేవాణ్ణి మాత్రం పరంజా ఎక్కించను. పైన మనిషి చూపు గోడ మీద ఉంటుంది. బల్ల ఎక్కడిదాకా ఉందో చూసుకోడు, కాలే చెప్పాలి. అందుకే చెప్పులు కూడా వేసుకోనివ్వను."

నేను బకెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. ఎండ నెత్తి మీద కొడుతోంది. నిచ్చెన మెట్టు, మంగళవారాలు, మేకు, నవ్వు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. కానీ వాటిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మేస్త్రీ నన్ను పరకాయించి చూశాడు. "ఏమ్మా? వాడికి ఒంట్లో ఏమన్నా బాగాలేదా?"

పద్దెనిమిదో ఏట నుంచి వాడికి ఈ పని ఒక్కటే వచ్చు. గోడ మీద ఎండ పడితే ఏ చోట రంగు ఆరిపోయిందో కింద నుంచే చెప్పేస్తాడు. దింపేస్తే ఏమవుతాడు? దింపకపోతే ఏమవుతాడు?

"ఒళ్ళు శుభ్రంగానే ఉంది బాబూ," అన్నాను. "తాగుడే. తాగుడొక్కటే."

"అంతేగా," అన్నాడు మేస్త్రీ తేలిగ్గా. "మీరు ఇంతదూరం వచ్చి అడిగారు, నేను మాటిస్తున్నా. ఇవాళ్టి నుంచి వాడికి ఎవడూ చుక్క పొయ్యడు. నేను చూసుకుంటా."

సంతోషించాలో ఏడవాలో తెలియకుండా ఇంటికొచ్చాను. నేను అడగడానికి వెళ్ళింది అదే. అదే దొరికింది.

సాయంత్రం మావాడు వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నా ఎదురుగా నిలబడ్డాడు.

"మేస్త్రీ దగ్గరికి వెళ్ళావటగా."

"వెళ్ళాను."

"ఏం చెప్పావు?"

"నువ్వు తాగుబోతువని చెప్పాను."

వాడు కింద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీనవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు ఇస్త్రీ ఆపి గుమ్మం దగ్గరికొచ్చింది.

"మంచిపని చేశావమ్మా. చాలా మంచిపని చేశావు. కానీ పోయొద్దని ఎందుకు చెప్పావే? ఇంక నాకేం మిగిలింది?"

"ఏంటి మిగిలేది? ఆ దరిద్రపు గ్లాసా?" అంది కోడలు.

"అవును, ఆ గ్లాసే. అది నా చేతిలో ఉన్నంతసేపు ఎవడూ నా కాళ్ళవైపు చూడడు."

కోడలికి వెంటనే అర్థం కాలేదు. నేను పొద్దున బకెట్టు మీద కూర్చున్నట్టే అది గుమ్మంలో కూర్చుంది. కాసేపటికి, "అయితే మధ్యాహ్నం ఎక్కువైందన్నది..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"అబద్ధమే," అన్నాడు.

"శనివారాలవి?"

"నిజమే. ఒక్క గ్లాసు. వాళ్ళ కోసం అని మొదలుపెట్టాను." తల వంచుకున్నాడు. "తాగిన గంటసేపు మంట కూడా తగ్గుతుందే. తర్వాత రెట్టింపు వస్తుంది. అది వేరే సంగతి."

"ఆ గ్లాసే కదరా నీ నరాల్ని తినేస్తోంది!" అన్నాను.

"తెలుసమ్మా."

"తెలిసీ తాగుతావా?"

"తాగకపోతే దింపేస్తారు. తాగితే కాళ్ళు పోతాయి. ఏది చెయ్యమంటావో నువ్వు చెప్పు, అది చేస్తా."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పని మానెయ్ అని కోడలు అంటుందేమోనని చూశాను. నేను అంటానేమోనని అది చూసింది. లోపల ఇస్త్రీ గుడ్డ మాడిన వాసన వస్తే అది లేచి పరిగెత్తింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మేస్త్రీ మాట మీద నిలబడే మనిషి. ఇంకో గోడ పూర్తయింది, అందరికీ పోశారు, మావాడికి సోడా ఇచ్చారు. పొట్టోడు బాధపడ్డాడట, నీకు సోడా పోస్తుంటే నా చెయ్యి వణుకుతోందిరా అన్నాడట. నేను ఆ రాత్రి చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను. గ్లాసు పోయింది కదా, సగం భయం పోయింది అని నాకు నేనే చెప్పుకున్నాను. మిగిలిన సగం ఏమిటో ఆలోచించదలచుకోలేదు.

ఆకాశం మబ్బులు పట్టడం మొదలైంది. వానలు వచ్చేలోపు మిగిలిన పని ముగించాలని ఆదరాబాదరాగా పనిచేస్తున్నారు. అలాంటి ఒక సాయంత్రం మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. మావాడు లోపలికొచ్చాడు. చొక్కా కాలరు మెడ వెనక నుంచి భుజం దాకా చిరిగి వేలాడుతోంది. వాడి వెనకే మేస్త్రీ.

"ఏమైంది?" అన్నాను. మావాడు నా మొహం చూడకుండా మంచం మీద కూర్చున్నాడు.

మేస్త్రీ కుర్చీ వేసినా కూర్చోలేదు. "వీడు మందు ముట్టి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసమ్మా. నవ్వుతారేమో గానీ, మీకిచ్చిన మాట కోసం పొద్దునా మధ్యాహ్నం వీడి నోరు వాసన చూస్తున్నా. ఇవాళ కూడా చూశా. ఏమీ లేదు. ఆరో అంతస్తులో రోలరు లాగుతూ పక్కకి నడుస్తున్నాడు. బల్ల అయిపోయింది. వీడు ఇంకా నడుస్తున్నాడు."

కోడలు గోడకి ఆనుకుంది.

"పక్కనే ఉన్న పొట్టోడు కాలరు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది," అన్నాడు మేస్త్రీ. తర్వాత నావైపు తిరిగాడు. "మీరు తాగుడొక్కటే అన్నారు."

వడదెబ్బ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నిద్రలేదనే మాట వచ్చింది. పొద్దున టిఫిను తినలేదనే మాట వచ్చింది. ఆ చిరిగిన కాలరు చూస్తూ ఒక్కటీ బయటికి అనలేకపోయాను.

మేస్త్రీ ఇంక నన్ను అడగలేదు. మావాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. పెద్ద మీసాల మనిషి, వాడి మొహంలోకి కింద నుంచి చూస్తూ మెల్లగా అడిగాడు. "నిన్ను తిట్టడానికి రాలేదురా. ఒక్కటి చెప్పు. పైన నిలబడినప్పుడు నీ కాళ్ళ కింద బల్ల ఉన్నట్టు నీకు తెలుస్తోందా?"

కోడలు వెళ్ళి ఇస్త్రీ పెట్టె తీగ పీకి వచ్చి మళ్ళీ అక్కడే నిలబడింది. కింది వాటాలో ఎవరో పిల్లల్ని పిలుస్తున్నారు. బాల్కనీలో బట్టలు గాలికి కొట్టుకుంటున్నాయి, వాటిని తియ్యాలని ఎవరికీ తోచలేదు. వాడి బదులు నేను చెప్పాలని నా పెదవులు కదిలాయి. కోడలు నా మణికట్టు పట్టుకుంది. మేస్త్రీకి మోకాళ్ళు నొప్పెట్టాయేమో, ఒక చెయ్యి నేల మీద ఆనించాడు గానీ లేవలేదు. మావాడు తన పాదాలవైపే చూస్తున్నాడు. వేళ్ళు కదిపాడు. కదిలాయి. మళ్ళీ కదిపాడు.

"తెలీదు మేస్త్రీ," అన్నాడు చివరికి. "చలికాలం నుంచీ తెలీదు."